ఆటపాక గట్టు మీద ఒక ఉదయం

మన కుటుంబాలలో ప్రయాణమంటే సాధారణంగా ఒక పెళ్ళి, ఒక పరామర్శ, లేదా ఆసుపత్రి. కేవలం కళ్ళారా చూసి, తనివితీరా గాలి పీల్చి రావడానికి ఇల్లు కదిలే అలవాటు మనకు తక్కువ. మగవారికి నమాజు కోసం మస్జిదుకు వెళ్ళే దారైనా ఉంటుంది, పిల్లలకు బడి దారి ఉంటుంది. ఇంట్లోని ఆడవారికి, వయసు మళ్ళినవారికి ఆ పాటి నడక కూడా దొరకదు. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు వచ్చి చేరిన తరువాత వైద్యులు “రోజూ నడవండి” అని చెప్పి పంపిస్తారు. ఎక్కడ నడవాలన్నది వారు చెప్పరు.

గోదావరి డెల్టాలో నీటికి కొదవ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుండి ఊరూరా కాలువలు, చెరువులు, పంటబోదెలు ఏర్పడ్డాయి. అయినా పెద్దవారు నిశ్చింతగా అడుగు వేయగల గట్టు వెతికితేగాని కనిపించదు. కాలువ గట్లన్నీ ఇప్పుడు రోడ్లే. అందుకే మాకు బాగా నచ్చిన ఒక చోటును గురించి పాఠకులకు చెప్పాలనిపించింది. అది కొల్లేటి ఒడ్డున, కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రం. అక్కడ కొండ ఎక్కనక్కరలేదు, మెట్లు దిగనక్కరలేదు. నీటి పక్కన చదునుగా ఉన్న దారిలో ఎవరి శక్తి మేరకు వారు నడవవచ్చు. అలసిన చోట కూర్చోవచ్చు. కూర్చున్న చోటినుండే వందలాది పక్షులను చూడవచ్చు.

రెండు నదుల నడుమ

కొల్లేరు మంచినీటి సరస్సు. గోదావరి డెల్టాకు, కృష్ణా డెల్టాకు మధ్య ఉన్న పల్లపు నేలలో అది సహజంగా ఏర్పడింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు, రెండు డెల్టాల మురుగు కాలువలు ఇందులోకి వచ్చి కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలోకి పోతుంది. వరదలు వచ్చినప్పుడు నీటిని తనలో నిలుపుకొని, మెల్లమెల్లగా సముద్రానికి వదలడం ఈ సరస్సు చేసే పని. పూర్వం పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు దీనిని పంచుకొనేవి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక అధికభాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

రాజమండ్రి నుండి వెళ్ళేవారికి రెండు దారులున్నాయి. జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి ఏలూరు చేరుకొని, అక్కడినుండి కైకలూరు రోడ్డు పట్టవచ్చు. రైలును ఇష్టపడేవారు నిడదవోలు, తణుకు, భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు స్టేషనులో దిగవచ్చు. ఆటపాక అక్కడికి చాలా దగ్గర, ఆటోలో వెళ్ళిపోవచ్చు.

మేము మొదటి దారిన వెళ్ళాము. ముందురోజు రాత్రి ఏలూరులో బంధువుల ఇంట ఆగి, ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాము. ఏలూరు–కైకలూరు రోడ్డు కొల్లేటి మధ్యనుండే సాగుతుంది. డిసెంబరు మంచు ఇంకా విడలేదు. రోడ్డుకు ఇరువైపులా నీరు, నీటిలో కిక్కిస పొదలు, అక్కడక్కడ గుర్రపుడెక్క పరచిన పచ్చని తివాచీ. దోనె మీద నిలబడి గడకర్ర వేసుకొంటూ చేపల వేటకు పోతున్నవారు మంచులో నీడల్లా కనిపించారు. కొంత దూరం పోయాక రెండు పక్కలా చేపల చెరువుల గట్లు మొదలయ్యాయి. శీలావతి, బొచ్చె పెంచే ఆ చెరువుల ప్రస్తావన ముందు ముందు మళ్ళీ వస్తుంది.

గడప దాటిన దాదీమా

ఈ ప్రయాణంలో మాతో పిల్లలిద్దరు, వారి దాదీమా ఉన్నారు. నిజానికి ప్రయాణం తలపెట్టింది ఆమె కోసమే. నిరుడు పిల్లల దాదాగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. భర్తను కోల్పోయిన స్త్రీకి ధర్మం విధించిన ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ గడువును ఆమె శ్రద్ధగా పూర్తి చేశారు. గడువు ముగిసి నెలలు గడిచినా గడప మాత్రం దాటలేదు. “ఇంక నాకు బయట ఏం పని?” అనేవారు. షుగరు పెరిగింది. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నడవమని డాక్టరుగారు చెబితే, “ఈ వయసులో వీధిలో నడుస్తుంటే చూసినవాళ్ళు ఏమనుకొంటారు?” అన్నారు.

ధర్మం విధించిన హద్దు వేరు, మన వాడుకలో పేరుకుపోయిన హద్దు వేరు. మొదటిది గడువుతో ముగుస్తుంది. రెండవదానికి గడువు లేదు. ఎవరూ “వెళ్ళవద్దు” అని అనకపోయినా, “రండి, వెళదాం” అని పిలిచేవారు లేక చాలామంది పెద్దవారు అలాగే ఉండిపోతారు. మేము దాదీమాకు హితబోధ చేయలేదు. పిల్లలు పక్షులను చూస్తామంటున్నారు, మీరు కూడా రావాలి అన్నాము. మనుమల మాట ఆమె కాదనలేకపోయారు.

పక్షుల కేంద్రంలోకి అడుగుపెట్టాక ఆమె మొదటి బల్ల వద్దనే కూర్చుండిపోయారు. “మీరు తిరిగి రండి, నేను ఇక్కడే తస్బీహ్ చేసుకొంటాను” అన్నారు. ఎదురుగా నీరు. నీటి మధ్యలో చెట్లు, చెట్ల నడుమ అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. ఆ స్టాండ్ల మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్ళు. ఒక్కొక్క గూటి మీద ఒక పెద్ద పక్షి, దాని రెక్కల కింద పిల్లలు. దాదీమా చేతిలోని తస్బీహ్ కాసేపటికి ఆగింది. ఒక తల్లి పక్షి నోరు తెరిస్తే పిల్ల తన తల మొత్తం ఆ గొంతులోకి దూర్చింది. “యా అల్లాహ్, మింగేస్తోందా?” అని ఆమె గాభరాపడ్డారు. “కాదు దాదీ, తింటోంది. అమ్మ గొంతులో చేపలున్నాయి” అని మనుమరాలు చెప్పింది. ఆమె చాలాసేపు ఆ గూటినే చూస్తూ ఉండిపోయారు. తరువాత తనంతట తానే లేచి, “అవతలివైపు నుండి ఇంకా బాగా కనిపిస్తుందేమో చూద్దాం పదండి” అన్నారు.

ఆ ఉదయం ఆమె ఎన్ని అడుగులు వేశారో మేము లెక్కపెట్టలేదు. ఒక బల్ల నుండి మరొక బల్లకు, ఒక చెట్టు నీడ నుండి మరొక చెట్టు నీడకు, ఆగి ఆగి చాలా దూరమే నడిచారు. మోకాళ్ళ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

గూడబాతు సంసారం

ఆటపాకకు పేరు తెచ్చినది గూడబాతు. బూడిదరంగు కలిసిన తెల్లని పెద్ద పక్షి ఇది. రెక్కలు చాస్తే సుమారు రెండున్నర మీటర్లు. పొడవాటి ముక్కు పైభాగాన చుక్కలు వరుసగా ఉంటాయి. ముక్కు కింద సంచి వేలాడుతుంది. ఆ సంచి చేపలు దాచుకొనే బుట్ట కాదు, పట్టే వల. నీటితో సహా చేపను సంచిలోకి తోడుకొని, తల వంచి నీటిని జారవిడిచి, చేపను మింగుతుంది. దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియా ప్రాంతాలలోనే ఇది ఎక్కువగా గూళ్ళు కడుతుంది. ప్రపంచంలో ముప్పు అంచుకు చేరువగా ఉన్న జాతులలో దీనిని లెక్కిస్తున్నారు.

శీతకాలం ఆరంభంలో జంటలు గూళ్ళు కట్టడం మొదలుపెడతాయి. మూడు, నాలుగు గుడ్లు పెడతాయి. నెల రోజులకు కాస్త అటూ ఇటూగా పిల్లలు బయటికి వస్తాయి. పుట్టినప్పుడు ఒంటిమీద ఈక ఉండదు, కొద్దిరోజులకు తెల్లని నూగు వస్తుంది. మూడు నుండి ఐదు నెలల పాటు పిల్లలు గూటిని అంటిపెట్టుకొని ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వంతులవారీగా కాపలా కాస్తారు, మేత తెస్తారు. పెద్ద పక్షులు దాదాపు మౌనంగా ఉంటాయి. మనకు వినిపించే గోలంతా ఆకలిగొన్న పిల్లలదే.

గూడబాతులతో పాటు అవే స్టాండ్ల మీద ఎర్రకాళ్ల కొంగలు కాపురం ఉంటాయి. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, ఈకలు లేని నారింజరంగు తల, తోక దగ్గర గులాబీరంగు ఈకలు వీటి గుర్తులు. ఇవి వేటాడే తీరు చిత్రంగా ఉంటుంది. సగం తెరిచిన ముక్కును నీటిలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తాయి. చేప ముక్కుకు తగిలిన క్షణంలోనే టక్కున మూస్తాయి. కంటితో చూడకుండా స్పర్శతో చేసే వేట అది.

దారి వెంట నడుస్తూ పోతే మరికొన్ని పక్షులను గుర్తుపట్టడం తేలికే. ముక్కు రెండు భాగాల మధ్య సందు కనిపిస్తే అది గుల్లకొంగ, నత్తగుల్లలు దాని ఆహారం. నల్లగా ఉండి, కొమ్మ మీద రెండు రెక్కలూ చాచి ఆరబెట్టుకొంటూ కనిపిస్తే నీటికాకి. ఊదా కలిసిన నీలిరంగుతో, ఎర్రని ముక్కుతో రెల్లు పొదల అంచున నడిచేది జంబుకోడి. నల్లని ఒళ్ళు, నుదుట తెల్లని బొట్టుతో నీటి మీద ఈదేది బొల్లికోడి. సన్నని గులాబీరంగు కాళ్ళ మీద కర్రలు కట్టుకొన్నట్లు నడిచే పక్షులు, ఆకుల మీద పొడవాటి వేళ్ళు పరచి తేలికగా సాగిపోయే పక్షులు, తీగ మీద కూర్చొని నీటిలోకి బాణంలా దూకే లకుముకి పిట్టలు కూడా కనిపిస్తాయి. మధ్య ఆసియా నుండి, సైబీరియా నుండి సూదితోక బాతుల వంటి వలస పక్షులు కొల్లేటికి చలికాలంలోనే వస్తాయి. వేసవి వచ్చేసరికి తిరిగి వెళ్ళిపోతాయి.

మేము చూసిన వాటిలో పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం కలిగించినది నీటిపక్షి కాదు. గడ్డిలో ఒక పక్షి పొడవాటి సన్నని ముక్కుతో నేలను పొడుచుకొంటూ తిరుగుతోంది. తలమీద విసనకర్రలా విచ్చుకొనే కిరీటం, రెక్కల మీద నలుపు తెలుపు చారలు. అది కూకుడుగువ్వ. అరబ్బీలో దానినే హుద్‌హుద్ అంటారు. సులైమాన్ ప్రవక్త (అలై) వద్దకు సబా రాజ్యపు వార్త తెచ్చిన పక్షిగా దివ్య ఖుర్‌ఆన్‌లోని నమ్ల్ సూరాలో దాని ప్రస్తావన ఉంది. 2014 అక్టోబరులో విశాఖను కుదిపేసిన తుఫానుకు పెట్టింది కూడా ఈ పక్షి పేరే. మా పెద్దవాడికి అప్పటిదాకా హుద్‌హుద్ అంటే తుఫానే. “ఇంత చిన్న పిట్ట పేరా దానికి పెట్టింది!” అని వాడు ఆశ్చర్యపోయాడు. సబా రాణి కథను దాదీమా అక్కడే, చెట్టు కింద కూర్చొని, మొదటినుండి చెప్పారు. దాదాగారు పోయాక ఆమె పిల్లలకు కథ చెప్పడం అదే మొదటిసారి.

పోయి తిరిగివచ్చిన పక్షులు

ఈ పక్షులు ఇక్కడ ఎల్లప్పుడూ ఇలాగే ఉన్నాయనుకొంటే పొరపాటు. 1946లో కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు గూళ్ళు కట్టే పెద్ద స్థావరాన్ని గుర్తించారు. అప్పట్లో అక్కడ సుమారు 3,000 గూడబాతులు ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం అంతరించిపోయింది. గూళ్ళు కట్టుకోవడానికి చెట్లు, పిల్లలను పెంచుకోవడానికి ప్రశాంతత, మేతకు లోతులేని నీరు కావాలి. వీటిలో ఏది కరవైనా ఇంత పెద్ద పక్షులు నిలవలేవు.

ఆ తరువాతి దశాబ్దాలలో కొల్లేటి రూపమే మారింది. సరస్సులో గట్లు లేచాయి. చేపల చెరువులు పెద్దభాగాన్ని ఆక్రమించాయి. నీరు పారే దారులు ఇరుకయ్యాయి. 1999లో ప్రభుత్వం +5 కాంటూరు వరకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది రాంసర్ జాబితాకెక్కింది. కాస్పియన్ సముద్రతీరాన ఉన్న ఇరాన్ పట్టణం రాంసర్‌లో 1971లో కుదిరిన ఒప్పందం ప్రకారం, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలను ఆ జాబితాలో చేరుస్తారు. 2006లో “ఆపరేషన్ కొల్లేరు” పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగ్గొట్టారు.

ఈ కథలో ఒకవైపు మాత్రమే చూడడం న్యాయం కాదు. గట్లు తెగినప్పుడు ధనవంతుల పెట్టుబడితో పాటు లంక గ్రామాల పేదల కూలి కూడా కొట్టుకుపోయింది. అభయారణ్యం హద్దును +3 కాంటూరుకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. తగ్గిస్తే సరస్సు మిగలదని పర్యావరణవేత్తలు అన్నారు. చేపల రైతుకు గూడబాతు తన చెరువును దోచుకొనే దొంగలా కనిపిస్తుంది. గూడబాతుకు మాత్రం గట్టుకు ఇవతలి నీరు ఎవరిదో, అవతలి నీరు ఎవరిదో తెలియదు. పేదవాడి కూడు, పక్షి గూడు రెండూ నిలిచే ఏర్పాటు చేయడం పాలకుల బాధ్యత. కానీ, సరస్సు తగ్గితే వరద ఎటు పోతుందన్నది మనందరి ప్రశ్న. వర్షాలు ముంచెత్తిన ఏడాదుల్లో ఆ ప్రశ్నకు జవాబు కొల్లేటి గ్రామాల ఇళ్ళల్లోకే నడిచివస్తోంది.

ఆటపాకలోని ఇనుప స్టాండ్లను ఈ నేపథ్యంతో చూడాలి. చెట్లు చాలని చోట మనుషులు ఇనుముతో కొమ్మలు అమర్చారు. పక్షులు వాటిని నమ్మి గూళ్ళు పెట్టాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో, నెల్లూరు వైపు నేలపట్టులో, కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరు గ్రామంలో కూడా గూడబాతులు మనుషులకు చేరువలోనే కాపురం చేస్తున్నాయి. మనిషి కాస్త చోటిస్తే వాటికి చాలు.

ఒక ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలను పట్టుకోగా, తల్లి పక్షి రెక్కలు కొట్టుకొంటూ తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉన్న ఈ సంఘటనను మేము ఇంట్లో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉంటాము. గూళ్ళ ఎదుట నిలబడి చెప్పినప్పుడు వారు విన్న తీరే వేరు. అంతకుముందు నీటిలోకి విసరడానికి ఏరుకొన్న రాళ్ళను చిన్నవాడు ఎవరూ చెప్పకుండానే కింద పడేశాడు.

వెళ్ళదలచినవారికి

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. సూర్యోదయం తరువాతి రెండు గంటలు, అస్ర్ తరువాతి గంట పక్షులు చురుకుగా ఉండే వేళలు. మధ్యాహ్నం వెలుతురు కళ్ళకు గుచ్చుకొంటుంది, పెద్దవారు త్వరగా అలసిపోతారు. ఉదయం వెళ్ళి, జుహ్ర్ వేళకు కైకలూరుకో ఏలూరుకో చేరుకొనేలా చూసుకొంటే నమాజుకు, భోజనానికి ఇబ్బంది ఉండదు.

బట్టలు మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు వంటివైతే పక్షులు బెదరవు. నల్లని బురఖాతో కూడా ఇబ్బంది లేదు. కదలికలు నెమ్మదిగా ఉంటే చాలు. పెద్దవారికి జారని చెప్పులు, ఒక శాలువా, మంచినీళ్ళు, వేసుకోవలసిన మందులు, షుగరు ఉన్నవారికి తినడానికి ఏదైనా దగ్గర ఉంచుకోండి. దుర్భిణి ఉంటే మంచిదే, లేకపోయినా గూళ్ళు కంటికి ఆనుతాయి. పైనుండి చూడడానికి పరిశీలనా మంచె, పక్షుల వివరాలు తెలిపే ప్రదర్శనశాల ఉన్నాయి. పడవ షికారు నడిచే రోజున ఎక్కదలిస్తే లైఫ్ జాకెట్లు తప్పక వేసుకోండి, గూళ్ళకు మరీ దగ్గరగా పోనివ్వమని పడవవారిని ఒత్తిడి చేయకండి. పెద్ద పక్షి బెదిరి లేచిపోతే, ఆ కాస్త వ్యవధిలోనే కాకులు, గద్దలు గుడ్లను, పిల్లలను ఎత్తుకుపోతాయి.

పక్షులకు తినుబండారాలు వేయవద్దు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి మీతోనే తెచ్చుకోండి. పిల్లలకు ఒక చిన్న పుస్తకం ఇచ్చి, చూసిన ప్రతి పక్షి రంగు, ముక్కు, కాళ్ళు, అది చేస్తున్న పని రాయమనండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఇంటికి వచ్చాక అందరూ కలిసి పేర్లు వెదకవచ్చు.

మా దాదీమా ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, ఫజ్ర్ తరువాత, రాజమండ్రిలో గోదావరి గట్టు మీద మనుమరాలితో కలిసి నడుస్తున్నారు. అల్‌హమ్దులిల్లాహ్, షుగరు కొంత అదుపులోకి వచ్చింది. అక్కడ గూడబాతులు లేవు. నీటికాకులు, తెల్లకొంగలు ఉన్నాయి. అవే చాలంటున్నారు. కొల్లేటికి వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళాలని, ఈసారి తన చెల్లెలిని కూడా తీసుకొని రావాలని ఆమె కోరిక.

ఈ చలికాలంలో మీరు కూడా ఒక ఉదయం కేటాయించుకోండి. ఇంట్లో చాలాకాలంగా గడప దాటనివారు ఎవరైనా ఉంటే, బండిలో మొదటి చోటు వారికే ఇవ్వండి.